ఉత్తరాన్ని నెత్తిన పెట్టుకుని

ఎవరి కారెక్కినా నా చూపు ముందు డ్యాష్‌బోర్డు మీది ఫోను వైపే పోయేది. మ్యాపు బండితో పాటు తిరుగుతోందా, ఉత్తరం పైకి పెట్టుకుని కదలకుండా ఉందా అని చూసేవాణ్ణి. తిరుగుతూ కనిపిస్తే చాలు, నడిపే మనిషి తెలివి ఏపాటిదో అక్కడికక్కడే తేల్చేసేవాణ్ణి. మా బావమరిది కొత్త కారు కొని మొదటిసారి ఇంటికొచ్చినప్పుడు, అతను తెచ్చిన పూతరేకు నోట్లో ఉండగానే అనేశాను: "మ్యాపు చదవడం రానివాడికి మ్యాపు తిరగాలోయ్, వచ్చినవాడికి బుర్ర తిరిగితే చాలు." పెద్దమనిషి, నవ్వి ఇంకో పూతరేకు నా చేతిలో పెట్టాడు.

సంగతేమిటంటే, దారి చూపించే మ్యాపు మామూలుగా మనం వెళ్లే దిక్కునే పైకి పెట్టుకుంటుంది. బాణం ఎప్పుడూ పైకే చూస్తుంటుంది, రోడ్లూ ఊళ్లూ దానికి ఎదురొస్తుంటాయి. బండి మలుపు తిరిగితే ఊరంతా తెర మీద గిర్రున తిరుగుతుంది. అలా వద్దు, ఉత్తరమే పైన ఉండాలి అనుకునేవాళ్ల కోసం సెట్టింగుల్లో ఒక మీట ఉంటుంది. అది నొక్కితే దేశం ఎక్కడిదక్కడే ఉంటుంది, బాణమే తన పాట్లు తాను పడుతుంది. దక్షిణానికి వెళ్తుంటే తలకిందులుగా దిగుతుంది. కొత్త ఫోను కొనగానే అందరూ ముందు వాల్‌పేపర్ మార్చుకుంటారు, నేను ఆ మీట నొక్కేవాణ్ణి. ఆ తలకిందుల బాణాన్ని చూసినప్పుడల్లా నాకు ఒళ్లు పొంగేది.

ఈ పొగరుకి మూలం నా ఉద్యోగం. నేను హైస్కూల్లో సోషల్ మాస్టార్ని. పదో తరగతి పరీక్షల్లో మ్యాప్ పాయింటింగ్ అంటే ఊరికే వచ్చే మార్కులని పిల్లలకి నూరిపోస్తూ తలనెరిసింది. పైన ఉత్తరం, కింద దక్షిణం, కుడి తూర్పు, ఎడమ పడమర. కింద పైన కర్ర బద్దలున్న భారతదేశం పటాన్ని పురికొసతో మేకుకి తగిలించి, బెత్తంతో చూపిస్తూ చెప్పేవాణ్ణి. ఒకసారి ఒక పిల్లాణ్ణి లేపి, "ఉత్తరం ఎటురా?" అంటే వాడు తడుముకోకుండా క్లాసు పైకప్పు వైపు వేలు చూపించాడు. పిల్లలంతా గొల్లున నవ్వారు. వాళ్లతో పాటు నేనూ నవ్వాను. అప్పటికి నాకు తెలిసిన ఉత్తరం కూడా వాడు చూపించినదే అన్న సంగతి ఆ నవ్వులో కలిసిపోయింది.

ఇంకో విడ్డూరం, ఉత్తరం పైనుండాలన్నది ప్రకృతి పెట్టిన నియమం కాదని నేనే పాఠం చెప్పేవాణ్ణి. 1154లో అల్ ఇద్రీసీ అనే భౌగోళికుడు సిసిలీ రాజు రోజర్ కోసం గీసిన ప్రపంచ పటంలో దక్షిణం పైనుంటుంది. మధ్యయుగాల్లో యూరప్ క్రైస్తవులు గీసుకున్న ప్రపంచ పటాల్లో పైన ఉండేది తూర్పు. 1972లో అపోలో 17 వ్యోమగాములు తీసిన భూమి ఫొటో ప్రపంచమంతా చూసింది కదా, అసలు ఫొటోలో దక్షిణ ధ్రువం పైన ఉంది. అచ్చువేసేవాళ్లు మన కళ్ల అలవాటు కోసం దాన్ని తిప్పారు. ఇవన్నీ పిల్లలకి హుషారుగా చెప్పేవాణ్ణి. బడి వదిలి కార్లో కూర్చోగానే మాత్రం, ఉత్తరం పైన లేకపోతే సృష్టి తలకిందులైనట్టే నా వరస.

చీరాల ప్రయాణం సంగతికొస్తాను. మా పెద్దమ్మ మనవరాలి పెళ్లి, రాత్రి ముహూర్తం. గుంటూరు నుంచి చీరాలకి అందరూ పొన్నూరు, బాపట్ల మీదుగా వెళ్తారు. హైవే మీద హాయిగా పోదామని చిలకలూరిపేట దారి ఎంచినవాణ్ణి నేనే. ముందు సీట్లో నా భార్య, వెనక అమ్మ. ఆ రోజు గురువారం. గురువారం దక్షిణానికి వారశూల, ఇవాళ వద్దురా అని అమ్మ పొద్దుటి నుంచీ సణుగుతూనే ఉంది. సోషల్ మాస్టారి దగ్గరా వారశూల! పెళ్లి వాళ్లు గురువారం పెట్టుకుంటే మనం శుక్రవారం వెళ్తామా అని నోరు మూయించాను. ఫోను నోరు కూడా మూయించాను. కుడివైపు తిరగండి, ఎడమవైపు తిరగండి అని అది చక్కగా తెలుగులో చెబుతుంది. మ్యాపు తెలిసినవాడికి చెప్పుడు మాటలెందుకని ఆ గొంతు ఆపేశాను.

గుంటూరు దాటాక హైవే నైరుతి మూలకి దిగుతుంది. అంటే తెర మీద నా బాణం కాస్త ఎడమకి వాలి కిందికి జారుతోంది. చిలకలూరిపేటలో చీరాల దారి చీలే చోట నీలం గీత కుడికి వంగింది. వంగింది తెర మీద కుడికి. తలకిందులుగా దిగుతున్న బాణంలో కూర్చున్నవాడికి అది ఎడమ అవుతుంది. ఈ చిన్న లెక్క నేను మనసులో చేసుకోవాలి. చేసుకునేవాణ్ణే, రోజూ చేస్తున్నదే. ఆ క్షణంలో పక్కనుంచి లారీ హారన్ కొట్టింది, ముందు ఆటో ఆగింది, నేను కుడి ఇండికేటర్ వేశాను.

"చీరాల సముద్రం పక్కన కదండీ. సముద్రం ఎడమవైపుంటే కుడికి తిప్పుతారేంటి?" అంది నా భార్య.

"మ్యాపు నువ్వు నాకు నేర్పకు."

వెనక నుంచి అమ్మ, "అబ్బాయ్, తూర్పుకి పోనీరా" అంది. అమ్మకి కుడీ ఎడమా లేవు. అన్నం దగ్గర కూర్చుంటే పచ్చడి గిన్నె కాస్త పడమటికి జరపమంటుంది. అద్దాలు ఉత్తరపు గూట్లో పెట్టానంటుంది. ఏ ఊరెళ్లినా, ఎవరింట్లో పడుకున్నా, ఎవరినీ అడక్కుండా తల ఉత్తరానికి రాకుండా చూసుకుని పడుకుంటుంది. మ్యాపు మొహం ఎరగని మనిషి. ఆవిడ తూర్పంటోంది, ఈవిడ ఎడమంటోంది, తెర కుడంటోంది. నేను తెర మాట విన్నాను.

గీత మళ్లీ లెక్కేసుకుని, వెనక్కి తిరిగి రమ్మని చూపించడం మొదలెట్టింది. సిగ్నల్ సరిగ్గా లేదన్నాను. ఇంకాస్త దూరం పోయాక, ఇది దగ్గర దారేమో అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. మనిషి తప్పు దారిలో ఉన్నప్పుడు ఎంత వేగంగా నడుపుతాడో ఆ రోజు తెలిసింది. వెనక సీట్లోంచి "త్రికోటేశ్వరా" అని వినిపించింది. అద్దంలో చూస్తే అమ్మ చేతులు జోడించి ఉంది. తల తిప్పితే మూడు శిఖరాలతో కోటప్పకొండ! నేను నరసరావుపేట దారిలో, చీరాలకి వీపు పెట్టి పోతున్నాను. శివరాత్రి కూడా కాదు, ప్రభలు చూడ్డానికి వచ్చామని చెప్పుకోవడానికి.

పెళ్లి పందిట్లోకి అడుగుపెట్టేసరికి మొదటి బంతి లేచి చేతులు కడుక్కుంటున్నారు. ఇంత ఆలస్యమేమిటని పెద్దమ్మ అడిగింది. నేను నోరు తెరిచేలోగా అమ్మ అందుకుంది: "గురువారం కదే, దక్షిణానికి వద్దంటే విన్నాడా?" అందరూ నా మొహం చూశారు. నా భార్య కూడా చూసింది, మరీ ముఖ్యంగా ఆవిడ. నేను తలూపాను. "అవును పెద్దమ్మా, వారశూల" అన్నాను. పాతికేళ్లు మూఢనమ్మకాల మీద ప్రాజెక్టులు రాయించినవాణ్ణి. కుడి ఎడమలు తెలియలేదని ఒప్పుకోవడం కన్నా గ్రహాల మీదికి నెట్టడమే నాకు తేలికైంది.

ఆ తర్వాత పరువు నిలబెట్టుకుందామని చదవడం మొదలెట్టాను. నా పద్ధతే సరైనదని చెప్పే శాస్త్రవేత్త ఎవరైనా దొరక్కపోతాడా అని నా ఆశ. దొరికినవాళ్లంతా ఎదురుతిరిగారు. 1971లో రోజర్ షెపర్డ్, జాక్వెలిన్ మెట్జ్‌లర్ అనే ఇద్దరు ఒక ప్రయోగం చేశారు. రెండు బొమ్మలు చూపించి, ఒకదాన్ని తిప్పి పెడితే రెండోదవుతుందా కాదా చెప్పమన్నారు. ఎంత ఎక్కువ కోణం తిప్పితే జవాబుకి అంత ఎక్కువ సేపు పట్టింది, అదీ లెక్క ప్రకారం పెరుగుతూ. అంటే మనిషి నిజంగానే బొమ్మని బుర్రలో నెమ్మదిగా తిప్పుకుంటాడన్నమాట. ఉత్తరం పైనున్న మ్యాపు పట్టుకుని ఉత్తరానికి వెళ్తే తిప్పే పనే లేదు. దక్షిణానికి వెళ్తే తిప్పాల్సింది సగం చుట్టు, అంతకన్నా పెద్ద కోణం లేదు. గంటకి 60 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకి దాదాపు 17 మీటర్లు పోతుంది. నేను బుర్ర తిప్పుకునేలోగా మలుపు వెనక్కిపోతుంది.

1984లో మార్విన్ లెవీన్, ఆయన సహచరులు ఇంకో సంగతి రాశారు. "మీరు ఇక్కడ ఉన్నారు" అని గోడలకి తగిలించే మ్యాపులుంటాయే, వాటిలో పైనున్నది మనకి ఎదురుగా ఉన్నదే అయితే సరి. లేకపోతే జనం చూసి, అర్థమైందనుకుని, తప్పు వైపు నడుచుకుంటూ పోతున్నారట. ఆ "అర్థమైందనుకుని" దగ్గర నేను పుస్తకం కాసేపు మూసేశాను.

1985లో కాలిఫోర్నియాలో ఈటాక్ అనే కంపెనీ కార్లలో పెట్టే నావిగేటర్ అమ్మింది. మామూలు కార్లకి జీపీఎస్ అందని కాలం. చక్రాల తిరుగుడునీ దిక్సూచినీ బట్టి బండి ఎక్కడుందో లెక్కవేసేవారు, మ్యాపులు క్యాసెట్ టేపుల్లో వచ్చేవి. అందులోనే కారు గుర్తు కదలకుండా ఉండి, మ్యాపు దాని చుట్టూ తిరిగేది. ఈ ఆలోచన పసిఫిక్ దీవుల నావికులది. పడవ కదలదు, దీవులే పడవ పక్కనుంచి వెనక్కి పోతుంటాయి అనుకుని లెక్కకట్టుకుంటూ వాళ్లు నడిసముద్రంలో దారి పట్టేవారు. ఒక్క కాగితం లేకుండా సముద్రాలు దాటినవాళ్ల పద్ధతిని పట్టుకుని నేను రానివాళ్ల పద్ధతి అన్నాను.

సరే, మారాను. ఎవరూ చూడకుండా సెట్టింగులు మార్చాను. మ్యాపు బండితో తిరగడం మొదలెట్టింది. బావమరిది కారెక్కితే కనిపించకుండా ఫోను జేబులో వేసుకునేవాణ్ణి. అక్కడితో ఆగితే బాగుండేది, కొత్త పద్ధతికి కొత్త సరంజామా కావాలని అయస్కాంతం ఉన్న ఫోన్ హోల్డర్ కొన్నాను. ఫోను వెనక ఉంగరమంత ఇనప బిళ్ల అంటించాలి, డ్యాష్‌బోర్డు మీది అయస్కాంతం దాన్ని టక్కున పట్టుకుంటుంది. ఆ టక్కు శబ్దం వినడానికే పెట్టి తీసి, పెట్టి తీసి మురిసిపోయాను.

అప్పట్నుంచి పార్కింగులో బండి స్టార్ట్ చేస్తే మ్యాపు ఒకవైపు చూపిస్తుంది, కదిలి పది గజాలు పోయాక రివ్వున తిరిగి ఇంకోవైపు చూపిస్తుంది. సూపర్‌మార్కెట్ దగ్గర ప్రతిసారీ లోపలికొచ్చే గేటు వైపే బండి తిప్పేవాణ్ణి. వాచ్‌మన్ ఈలేసేవాడు. దిక్సూచి తప్పితే ఫోనుని గాల్లో ఎనిమిది అంకె ఆకారంలో తిప్పాలని ఎవరో చెప్పారు. ఆ వాచ్‌మన్ ఎదురుగానే, కార్లో కూర్చుని, అమ్మవారికి హారతిచ్చినట్టు ఫోను తిప్పాను. చేతిలో ఉన్నంతసేపూ సరిగ్గానే ఉండేది. హోల్డర్‌కి తగిలించగానే మళ్లీ మొదటికొచ్చేది.

మా స్కూలు ఫిజిక్స్ మాస్టారికి ఫోను చూపించి, అయస్కాంత ఉత్తరానికీ అసలు ఉత్తరానికీ తేడా ఉంటుంది కదా, దానివల్లేమో అని నా పాండిత్యం కూడా కాస్త చూపించాను. ఆయన ఫోను తిప్పి, వెనక బిళ్ల చూసి, "ఇదేంటి మాస్టారూ?" అన్నారు. చెప్పాను. ఆయన వెంటనే మాట్లాడలేదు. ఉపగ్రహాలు మనం ఎక్కడున్నామో చెబుతాయి గానీ ఏ వైపు మొహం పెట్టామో చెప్పవనీ, బండి కదిలితేనే ఆ కదలికని బట్టి దిక్కు తెలుస్తుందనీ, నిలబడి ఉన్నప్పుడు ఫోను లోపలి దిక్సూచే దిక్కనీ ఓపిగ్గా వివరించారు. "మన ప్రాంతంలో ఆ రెండు ఉత్తరాలకీ తేడా ఒక డిగ్రీ అటూ ఇటూ. మీరు దిక్సూచి వెనక అయస్కాంతం పెట్టి ఉత్తరం ఎటని అడుగుతున్నారు" అన్నారు. తర్వాత వారం ఎనిమిదో తరగతిలో ఈ ఉదాహరణ చెప్పారట. పేరు చెప్పలేదంటారు గానీ పిల్లలు వరండాలో నన్ను చూసే తీరు మారింది.

ఇంతవరకూ అయినవి కుడి ఎడమల తప్పులు, అయస్కాంతం తప్పులు. రాజమండ్రిలో జరిగినదానికి అలాంటి సాకు కూడా లేదు.

మా అమ్మాయిని అక్కడిచ్చాం. అల్లుడుగారు ఒక సాయంత్రం పుష్కర ఘాట్‌కి తీసుకెళ్లాడు. మామగారు సోషల్ మాస్టారు కాబట్టి నది గురించి నాలుగు ముక్కలు చెప్పకపోతే బాగుండదు. గోదావరి నాసిక్ దగ్గర త్ర్యంబకంలో పుట్టి తూర్పుకి 1,465 కిలోమీటర్లు ప్రవహించి బంగాళాఖాతంలో కలుస్తుందన్నాను. అందుకని ఇక్కడ మనం ఉత్తరపు గట్టు మీద, దక్షిణానికి మొహం పెట్టి నిలబడి ఉన్నామన్నాను. రుజువు చూపిద్దామని ఫోను తీసి, దిక్సూచి గుర్తు మీద వేలితో తట్టి, మ్యాపుని ఉత్తరం పైకి నిలబెట్టాను. తెర మీద నది ఊరికి ఎడమ పక్క పై నుంచి కిందికి దిగుతోంది. ఎదురుగట్టున కొవ్వూరు పడమరన ఉంది. ధవళేశ్వరం నేను చెప్పిన లెక్కలో తూర్పున ఉండాలి, అది తిన్నగా కిందుంది.

"ఫోను మీద అయస్కాంతం ప్రభావం ఇంకా పోలేదు బాబూ" అన్నాను. ఉత్తరాన్ని పైకి కట్టేసిన మ్యాపుకి దిక్సూచితో పనేముంది? నది గీసి ఉన్న చోటే గీసి ఉంటుంది, పక్కన ఎంత అయస్కాంతం పెట్టినా. ఈ సంగతి తట్టలేదు. అల్లుడుగారు నా ఫోను వైపు చూడలేదు, నది వైపు చూశాడు. నేనూ చూశాను. సూర్యుడు కొవ్వూరు మీద, నీళ్లకి జానెడెత్తున, ఎర్రగా దిగుతున్నాడు. నేను దక్షిణమని వేలు చూపించిన చోటే అస్తమిస్తున్నాడు. అల్లుడుగారు మర్యాదస్తుడు కాబట్టి, "టీ తాగుదామా మామయ్యగారూ" అన్నాడు.

పాపికొండల్లోంచి బయటపడ్డ గోదావరి రాజమండ్రి దగ్గర దక్షిణానికి పోతుంది. ధవళేశ్వరం దగ్గర గౌతమిగా, వశిష్ఠగా చీలి సముద్రం దారి పడుతుంది. ద్వీపకల్ప నదులు తూర్పుకి ప్రవహిస్తాయన్న ఒక్క వాక్యాన్ని పట్టుకుని, నేను అడుగడుగునా నది తూర్పుకే పోవాలని నిర్ణయించేశాను. అంతకుముందు అన్నిసార్లు ఆ ఊరు వెళ్లాను, సూర్యుణ్ణి ఒక్కసారీ చూడలేదు. అదేం మాయో, తప్పని తెలిశాక కూడా ఆ ఊళ్లో నాకు దిక్కులు సర్దుకోలేదు. ఇప్పటికీ రాజమండ్రిలో రైలు దిగితే నా లోపల సూర్యుడు ఉత్తరాన ఉదయించి దక్షిణాన అస్తమిస్తాడు. ఈ మాట అమ్మతో అంటే, "నాకూ ఆ ఊళ్లో మొదటిరోజు దిక్కులు తిరిగాయిరా, పొద్దున్నే డాబా ఎక్కి చూసుకున్నాను" అంది.

ఇప్పుడు బయల్దేరే ముందు ఇంట్లో కూర్చుని, ఉత్తరం పైకి పెట్టి దారంతా ఒకసారి చూసుకుంటాను. ఏ ఊరు ఏ పక్కనుందో, నది ఎక్కడ దాటాలో, ఎండ ఏ కిటికీ మీద పడుతుందో. బండెక్కాక మాత్రం మ్యాపుని దాని ఇష్టానికి తిరగనిస్తాను, గొంతు కూడా వింటాను. హోల్డర్ మార్చాను, ఇది క్లిప్పుది. ఇదంతా వినడానికి బాగానే ఉంది. కానీ మతం మార్చుకున్నవాడికి కుదురుండదు కదా.

మా హెడ్‌మాస్టారు ఉత్తరం పైకి పెట్టుకుని నడిపేవారు. ఆ అలవాటు ఒకప్పుడు నేను పట్టుబట్టి చేయించినదే. ఆయన శ్రీశైలం ప్రయాణం పెట్టుకున్నారని తెలిసి, స్టాఫ్‌రూమ్‌లో ఫోను ఛార్జింగ్‌లో పెట్టి వెళ్లినప్పుడు, మేలు చేస్తున్నాననుకుని ఆ మీట మార్చేశాను. చెప్పడం మరిచిపోయాను. మర్నాడు ఆయన వినుకొండ నుంచి ఫోను చేశారు.

"ఏం చేశారు మాస్టారూ నా ఫోన్ని? శ్రీశైలం పడమర కదా, తెర మీద పైనే ఉంటోంది. పైనుండేది ఉత్తరమని మీరేగా చెప్పారు?"

నేను ఈటాక్ దగ్గర్నుంచి మొదలెట్టాను.

"అదంతా సోమవారం చెబుదురు గాని, ఇప్పుడు కుడికా ఎడమకా?"

"మీరు ఏ వైపు మొహం పెట్టి ఉన్నారు సార్?"

"వినుకొండ కొండ నాకెదురుగా ఉంది."

ఏ పక్క నుంచి ఎదురుగా అని నేను అడిగేలోపే, ఆయన ఫోను చెవి దగ్గర్నుంచి తీయకుండానే పక్కనున్న టీ కొట్టతన్ని శ్రీశైలం దారెటని అడగడం వినిపించింది. "ఇట్టా తిన్నగా పోండి సార్" అన్నాడతను. ఇట్టా అంటే ఎట్టాగో ఆయనకి వెంటనే అర్థమైంది. ఫోను పెట్టేశారు.